చిరాగాన్‌లో పుట్టిన షహజాదా

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

హైదరాబాదులోని నీలోఫర్ ఆసుపత్రికి ఆ పేరెలా వచ్చిందని ఒకరు అడిగితే గత సంచికలో క్లుప్తంగా జవాబు రాశాను. నీలోఫర్ టర్కీని ఏలిన ఒట్టోమన్ రాజకుటుంబపు ఆడపడుచు అనీ, 1931లో ఏడవ నిజాం రెండవ కుమారుడు మువజ్జం జాను పెళ్ళాడి మన ఊరికి వచ్చిందనీ, తన పరిచారిక ఒకామె పురిటిలో చనిపోవడంతో కలతచెంది, తల్లులకూ పసిబిడ్డలకూ ప్రత్యేకంగా ఒక ఆసుపత్రి ఉండితీరాలని పట్టుబట్టిందనీ అందులో చెప్పాను. ఆ జవాబు చదివి పాఠకులు రాసిన ఉత్తరాలలో ఐదింటిని ఈసారి తీసుకుంటున్నాను. ఐదూ ఒకే వంశం గురించినవి కనుక వేరే ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేశాను.

ప్రశ్న: మా పెద్ద మనవరాలు నీలోఫర్ ఆసుపత్రిలోనే పుట్టింది. నీలోఫర్ గురించీ, ఆమె తోడికోడలు దుర్రుషెహ్వార్ గురించీ పత్రికలలో తరచు చదువుతూనే ఉంటాం, వాళ్ళ చీరలూ నగలూ ఉన్న ఫోటోలు చూస్తూనే ఉంటాం. మరి ఆ వంశంలోని మగపిల్లలు, అంటే వాళ్ళ అన్నదమ్ములూ బావలూ ఏమయ్యారు? సుల్తాన్లు కాకుండా మామూలు షహజాదాగా, అంటే రాకుమారుడిగా, మిగిలిపోయిన ఒక్కరి జీవితమైనా వివరంగా చెబుతారా? – ఒక పాఠకురాలు, మెహిదీపట్నం

జవాబు: ఒక్కరినే చెప్పమంటే నేను అలీ వాసిబ్ ఎఫెందీ గురించి చెబుతానమ్మా. నీలోఫర్ తల్లి ఆదిలె సుల్తాన్, అలీ వాసిబ్ తండ్రి అహ్మద్ నిహాద్ ఒకే తండ్రి పిల్లలు, తల్లులు వేరు. అంటే మన వరసల్లో నీలోఫర్ ఆయనకు స్వయానా మేనత్త కూతురు. అలీ వాసిబ్ సింహాసనం ఎక్కలేదు, యుద్ధాలు గెలవలేదు, ఏ కుట్రలోనూ ఆయన పేరు వినబడదు. వంశవృక్షం గీసినప్పుడు కింది కొమ్మల్లో చిన్న అక్షరాలతో రాసే పేరు ఆయనది. కానీ ఒట్టోమన్ ఇంట మగపిల్లవాడిగా పుట్టడమంటే ఏమిటో తెలియాలంటే, ఏలినవారి చరిత్రలకంటే ఇటువంటివారి కథే మనకు ఎక్కువ చెబుతుందని నా నమ్మకం.

ఆయన 1903 అక్టోబరు 13న ఇస్తాంబుల్‌లో, బోస్ఫరస్ జలసంధి ఒడ్డున ఉన్న చిరాగాన్ ప్రాసాదంలో పుట్టాడు. హైదరాబాదువారికి చిరాగ్ అంటే దీపమని వేరే చెప్పనక్కరలేదు. ఒకప్పుడు ఆ తీరాన దీపాల వేడుకలు జరిగేవి కనుక ఆ చోటికీ, తరువాత అక్కడ కట్టిన పాలరాతి భవనానికీ ఆ పేరు నిలిచింది. అయితే ఈ బిడ్డ పుట్టేనాటికి అది వేడుకల ఇల్లు కాదు, బందిఖానా. ఆయన ముత్తాత ఐదవ మురాద్ 1876 మే నెలాఖరున సుల్తాన్ అయ్యాడు. మనసు చెదిరిందన్న కారణంతో 93 రోజులకే ఆయనను గద్దె దించి, తమ్ముడు రెండవ అబ్దుల్ హమీద్‌ను కూర్చోబెట్టారు. దిగిపోయిన మురాద్‌ను తల్లితో, భార్యలతో, పిల్లలతో సహా చిరాగాన్‌లో ఉంచి బయట కాపలా పెట్టారు. 1878 మే నెలలో అలీ సువావీ అనే రచయిత కొందరు అనుచరులను వెంటబెట్టుకుని ప్రాసాదంలోకి చొరబడి, మురాద్‌ను మళ్ళీ సుల్తాన్‌ను చేయాలని చూశాడు. ఆ ప్రయత్నం అక్కడికక్కడే ఆయన ప్రాణంతో ముగిసింది, కాపలా మరింత బిగిసింది. మురాద్ మళ్ళీ బయటి ప్రపంచాన్ని చూడలేదు. పియానో దగ్గర కూర్చుని పాశ్చాత్య బాణీలో స్వరరచనలు చేసుకుంటూ, 1904 ఆగస్టు 29న మరణించేదాకా 28 ఏళ్ళు అక్కడే గడిపాడు.

ఇక్కడ కాస్త ఆగి వయసులు లెక్కగట్టండి. మురాద్ కుమారుడు సలాహుద్దీన్ ఆ తలుపులు మూసేనాటికి 15 ఏళ్ళ కుర్రవాడు, తెరిచేనాటికి 43 ఏళ్ళవాడు. అతని కొడుకు అహ్మద్ నిహాద్ 1883లో లోపలే పుట్టి, లోపలే పెరిగి, లోపలే పెళ్ళి చేసుకుని, 21 ఏళ్ళు నిండాకగాని గేటు దాటలేదు. ఆ నిహాద్ కొడుకే మన అలీ వాసిబ్; ముత్తాత కన్నుమూసేనాటికి పది నెలల పసివాడు. నాలుగు తరాల మగవాళ్ళు ఒకే కప్పు కింద ఉన్నారు. వారిలో నేరం చేసినవాడు ఒక్కడూ లేడు. కిటికీలోంచి చూస్తే ఎదురుగా జలసంధిలో దేశదేశాల ఓడలు పోతూ ఉండేవి. వీధిలో నడవడం ఎలా ఉంటుందో, అంగడిలో డబ్బిచ్చి ఒక వస్తువు కొనడం ఎలా ఉంటుందో ఇరవై ఏళ్ళు దాటినా తెలియని తండ్రి చేతుల్లో ఆ బిడ్డ పెరిగాడు. అలీ వాసిబ్ జీవితం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ముందుగా మనసులో మెదిలేది ఆ తండ్రే.

మురాద్ పోయాక కుటుంబానికి బయటికి వచ్చే స్వేచ్ఛ దొరికింది. 1909లో అబ్దుల్ హమీద్ పదవి కోల్పోవడంతో షహజాదాల మీది నిఘా కూడా చాలా సడలింది. తండ్రికి దక్కని బడి కొడుకుకు దక్కింది. అలీ వాసిబ్ పేరుమోసిన గలతాసరాయ్ విద్యాలయంలోనూ, తరువాత హర్బియె సైనిక కళాశాలలోనూ చదువుకున్నాడు. వంశంలోని యువకులు సైనిక విద్య నేర్చి తీరాలని ఆ రోజుల్లో పట్టుదలగా ఉండేవారు. ఆయన పినతండ్రి ఉస్మాన్ ఫువాద్ మొదటి ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో లిబియాలో ఒట్టోమన్ సేనలకు నాయకత్వం వహించాడు కూడా. అలీ వాసిబ్ యవ్వనంలోకి అడుగుపెట్టేసరికి మాత్రం యుద్ధం ఓడిపోయి, ఇస్తాంబుల్ పరసేనల ఆక్రమణలో ఉంది. 1922 నవంబరు 1న అంకారాలోని జాతీయ సభ సుల్తాన్ పదవిని రద్దు చేసింది. 1924 మార్చి 3న ముస్లింల మతపెద్ద అయిన ఖలీఫా పదవినీ తీసివేసి, వంశాన్నంతటినీ దేశం నుండి వెళ్ళగొట్టింది. ఆయనకు అప్పుడు 20 ఏళ్ళు.

తండ్రీ కొడుకులు మొదట రైలులో బుడాపెస్ట్ చేరారు, అక్కడి నుండి ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని నీస్‌కు మకాం మార్చారు. చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కూడా నీస్‌లోనే స్థిరపడడంతో వంశంలో చాలామంది ఆ ఊరికే చేరి, ఒకరికొకరు ఆసరాగా బతికారు. 1931 నవంబరు 12న నిజాం కొడుకులిద్దరికీ దుర్రుషెహ్వార్, నీలోఫర్‌లతో పెళ్ళిళ్ళు జరిగింది ఆ నీస్‌లోనే. ప్రపంచ పత్రికలన్నీ రాసిన ఆ పెళ్ళిళ్ళు జరిగిన నెలలోనే, అదే ఊరిలో, అలీ వాసిబ్ కూడా సుల్తాన్ ఐదవ మెహ్మద్ రెషాద్ మనవరాలు ఎమీనె ముఖ్‌బిలె సుల్తాన్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె డోల్మాబాచె ప్రాసాదంలో పుట్టి, 12 ఏళ్ళ వయసులో ఇల్లు వదిలిన పిల్ల. దంపతులిద్దరి చేతుల్లోనూ ఏ దేశపు పౌరసత్వమూ లేదు.

1935లో వారు ఈజిప్టులోని అలెగ్జాండ్రియాకు వెళ్ళారు. అక్కడ అలీ వాసిబ్‌కు ఉద్యోగం దొరికింది. ఒక గ్రీకు వర్తకుడు కట్టించగా, తరువాత నగర పురపాలక సంఘానికి దఖలుపడిన ఆంతోనియాదిస్ ప్రాసాదం అక్కడ ఉంది. విశాలమైన తోటల మధ్య, నగరానికి వచ్చే పెద్ద అతిథులకు విడిదిగా వాడే భవనం అది. ఆయన ఆ ప్రాసాదానికి నిర్వాహకుడయ్యాడు. ప్రాసాదంలో బందీగా పుట్టినవాడు ప్రాసాదంలో జీతగాడయ్యాడు. ఈ మాట చులకనగా అనడం లేదు. రోజూ వేళకు వెళ్ళి పనిచేసి, నెలకు జీతం తెచ్చి ఇల్లు గడిపిన షహజాదా అంటే నాకు గౌరవం, ఎందుకంటే అందుకు కావలసిన తర్ఫీదు ఆయన వంశంలో ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు. 1940లో వారికి ఒక కుమారుడు కలిగాడు.

అలీ వాసిబ్ చూసినవీ విన్నవీ ఓపికగా రాసి పెట్టుకున్నాడు. స్వదేశంలో గడిచిన రోజులూ, ప్రవాసంలో గడిచిన రోజులూ, ఎవరింట్లో ఎవరు ఎలా బతికారన్న సంగతులూ అందులో ఉన్నాయి. ఆయన పోయిన ఇరవై ఏళ్ళ తరువాత, 2004లో, కుమారుడు వాటిని ఇస్తాంబుల్‌లో అచ్చువేయించాడు. ఈ వంశపు చివరి రోజుల గురించి రాసేవారు ఆ జ్ఞాపకాలను తిరగేయకుండా ముందుకు సాగలేరు.

ప్రశ్న: నేను చరిత్ర బోధించి పదవీ విరమణ చేసినవాడిని. ఒట్టోమన్‌లలో తండ్రి తరువాత పెద్దకొడుకు రాజు కాకుండా తమ్ముడో, పినతండ్రి కొడుకో ఎందుకు రాజయ్యేవాడో పిల్లలకు నచ్చజెప్పలేకపోయేవాడిని. ఆ పద్ధతి ఎలా వచ్చింది? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, అది రక్తంలోంచి పుట్టిన పద్ధతి. మొదట్లో వారిలో వారసత్వానికి వరస అంటూ లేదు. కొడుకులలో గెలిచినవాడు రాజు, మిగిలిన అన్నదమ్ములకు చావు. కాన్‌స్టాంటినోపుల్‌ను జయించిన రెండవ మెహ్మద్ లోకక్షేమం కోసమంటూ దీన్ని చట్టంలోకే ఎక్కించాడు. 1595లో మూడవ మెహ్మద్ గద్దెనెక్కినప్పుడు 19 మంది తమ్ముళ్ళను గొంతు బిగించి చంపించాడు; వారిలో పాలు మరవని పసివాళ్ళు కూడా ఉన్నారు. ఆ శవపేటికలు వరసగా ప్రాసాదం దాటి పోవడం చూసి నగరం తల్లడిల్లిపోయింది. 1603లో అతని కొడుకు మొదటి అహ్మద్ పదమూడేళ్ళ వయసులో సుల్తాన్ అయ్యాడు. అతడు తన తమ్ముడు ముస్తఫాను చంపించలేదు. 1617లో అహ్మద్ మరణించినప్పుడు అతని పిల్లలు మరీ చిన్నవాళ్ళు కావడంతో ఆ తమ్ముడినే కూర్చోబెట్టారు. అప్పటి నుండి వంశంలో బతికున్న మగవారిలో వయసులో పెద్దవాడికే సింహాసనం అన్న రివాజు క్రమంగా పాతుకుపోయింది.

తమ్ముళ్ళ ప్రాణాలు దక్కాయి గాని స్వేచ్ఛ పోయింది. టోప్‌కాపీ ప్రాసాదంలో వారిని ఉంచిన గదుల వరసను కఫెస్ అనేవారు, అంటే పంజరం. రెండవ సులేమాన్ 1648 నుండి 1687 దాకా, దాదాపు నలభై ఏళ్ళు, నిర్బంధంలో గడిపి సుల్తాన్ అయ్యాడు. 19వ శతాబ్దంలో మొదటి అబ్దుల్ మజీద్ కాలం నుండి పంజరం తలుపులు కొంత వారగా తెరిచారు. 1867లో సుల్తాన్ అబ్దుల్ అజీజ్ ఐరోపా పర్యటనకు వెళ్ళినప్పుడు మురాద్, అబ్దుల్ హమీద్‌లను కూడా వెంట తీసుకువెళ్ళాడు. లండన్, పారిస్ నగరాలు చూసి వచ్చిన ఆ మురాదే తొమ్మిదేళ్ళ తరువాత చిరాగాన్‌లో బందీ అయ్యాడు.

మీ విద్యార్థులకు నచ్చజెప్పడానికి ఈ పద్ధతి రాజ్యానికి చేసిన మేలు–కీడులకంటే మనుషులకు చేసినది చెప్పమంటాను. మన ఇళ్ళలో వంతు అంటే నీళ్ళ దగ్గరో రేషను దుకాణం దగ్గరో నిలబడే గంటసేపు. షహజాదాకు వంతు అంటే పుట్టుక నుండి చావు దాకా. తనకంటే ముందు పుట్టిన ప్రతి అన్నా, ప్రతి పినతండ్రీ, పినతండ్రి కొడుకూ పోతే తప్ప తన వంతు రాదు. ఎవరి చావునూ కోరని మంచివాడైనా, ప్రతి చావుతోనూ వరసలో ఒక మెట్టు పైకి జరుగుతాడు. పైనున్న సుల్తాన్ అతడిని అనుమానంతోనే చూస్తాడు. ఐదవ మెహ్మద్ రెషాద్ సుల్తాన్ అయ్యేనాటికి 64 ఏళ్ళవాడు. చివరి సుల్తాన్ ఆరవ మెహ్మద్‌కు పదవి వచ్చినప్పుడు 57.

సుల్తాన్ పదవి పోయినా ఈ వరస పోలేదు. బహిష్కృతులైన కుటుంబం ప్రవాసంలో కూడా వయసులో పెద్దవాడినే వంశ పెద్దగా గుర్తిస్తూ వచ్చింది. 1944లో ఖలీఫా అబ్దుల్ మజీద్ పారిస్‌లో మరణించాక ఆ స్థానం చిరాగాన్‌లో పుట్టిన అహ్మద్ నిహాద్‌కు వచ్చింది. 1954లో ఆయన తరువాత ఉస్మాన్ ఫువాద్‌కు, 1973లో మెహ్మద్ అబ్దుల్ అజీజ్‌కు, 1977లో అలీ వాసిబ్‌కు వచ్చింది. ఇస్తాంబుల్‌లో ముప్పైమందికి పైగా షహజాదాల వరసలో ఎక్కడో వెనుక ఉన్న కుర్రవాడు 73 ఏళ్ళ వయసులో, అలెగ్జాండ్రియాలోని తన ఇంట్లో, ఆ వరస మొదటికి చేరాడు.

ప్రశ్న: ఆరు వందల ఏళ్ళు ఏలిన వంశం వారు పేదరికంలో బతికారంటే నమ్మబుద్ధి కాదు. నగలూ నాణేలూ మూటగట్టుకుని పోయే ఉంటారు కదా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: నగలు తీసుకువెళ్ళారు. కానీ అవి ఎంతకాలం వస్తాయి? ఇందులో రెండు సంగతులు గమనించాలి. చిన్న షహజాదాలకు సొంత ఆస్తి అంటూ ఉండేది తక్కువ. వారికి ఖజానా నుండి నెలనెలా భత్యం వచ్చేది. వారు ఉండే భవంతులలో చాలావరకు సుల్తాన్ వాడుకోవడానికి ఇచ్చినవే తప్ప, అమ్ముకునే హక్కు వారికి లేదు. 1924 నాటి 431వ నంబరు చట్టం వచ్చినప్పుడు మగవారికి దేశం విడవడానికి దొరికిన వ్యవధి గంటల్లోనే. ఆడవారికి మరికొన్ని రోజులు ఇచ్చారు. పౌరసత్వం పోయింది, దేశంలో అడుగుపెట్టడమే కాదు, దేశం మీదుగా ప్రయాణించడం కూడా నిషేధం. సొంతవి అనదగ్గ ఆస్తులను ఏడాదిలోగా అమ్ముకోవాలన్నారు. దేశంలో లేనివాడు, తిరిగి రాలేనివాడు ఏడాదిలో అమ్మే ఇంటికి ఏ ధర పలుకుతుందో మీకు తెలుసు. చేతికిచ్చిన సొమ్ము తలకు సుమారు వెయ్యి పౌండ్లు, ప్రయాణ పత్రాలు వెళ్ళడానికే గాని రావడానికి పనికిరావు.

రెండవది, డబ్బు నిలుపుకోవడం కూడా ఒక విద్యే, అది వారికి తెలియదు. బజారు ముఖం చూడనివారు నీస్‌లో అద్దె ఇల్లు వెతుక్కోవలసి వచ్చింది. బొగ్గు ధర, రొట్టె ధర తెలియక, వెంట వచ్చిన పాత సేవకులను వదులుకోలేక, ఒక్కొక్క నగా వడ్డీ వ్యాపారి దగ్గరికి చేరింది. 1926లో చివరి సుల్తాన్ ఆరవ మెహ్మద్ ఇటలీలోని శాన్ రెమోలో మరణించినప్పుడు, అంగళ్ళవాళ్ళ బాకీలు తీరేదాకా ఆయన శవపేటికను కూడా కదలనివ్వలేదు. ఖలీఫా అబ్దుల్ మజీద్ ఇల్లు గడిచింది హైదరాబాదు నిజాం పంపిన నెలకు మూడు వందల పౌండ్ల భరణంతో; కుమార్తె పెళ్ళికి ఏడేళ్ళ ముందే మొదలైన బంధం అది.

అబ్దుల్ హమీద్ మనవడు మెహ్మద్ ఓర్హాన్ జీవితం ఇంకో రకం. పద్నాలుగేళ్ళ వయసులో దేశం వదిలి, ఓడరేవులో పనిచేసి, టాక్సీ నడిపి, చివరకు ఫ్రాన్స్‌లో అమెరికన్ సైనికుల శ్మశానవాటికలో ఉద్యోగం చేశాడు. అలీ వాసిబ్ తరువాత వంశ పెద్ద అయినవాడు ఆయనే. వీరందరినీ ఏళ్ళ తరబడి ఊరించిన ఆశ మరొకటి ఉంది. ఇరాక్‌లోని మోసుల్ ప్రాంతపు చమురు భూములు అబ్దుల్ హమీద్ సొంత ఆస్తిగా నమోదై ఉండేవి కాబట్టి, వాటి మీద వారసులకు హక్కు ఉందని న్యాయవాదులు, దళారులు వచ్చి సంతకాలు చేయించుకుని పోయేవారు. వ్యాజ్యాలు దశాబ్దాలు నడిచాయి, వారసులకు ఏమీ రాలేదు. వంతు కోసం కాచుకోవడం తాతల నుండి వచ్చిన అలవాటు కాబట్టే ఆ ఆశ అంత గట్టిగా పట్టుకుని ఉంటుందని నాకు అనిపిస్తుంది. అందుకే ఆంతోనియాదిస్ ప్రాసాదంలో ఉద్యోగంలో చేరిన రోజు అలీ వాసిబ్ జీవితంలో పెళ్ళి రోజుకంటే తక్కువది కాదని నా అభిప్రాయం.

ప్రశ్న: ఆదిలె సుల్తాన్, ముఖ్‌బిలె సుల్తాన్ అని ఆడవాళ్ళ పేర్ల చివర సుల్తాన్ ఎందుకు ఉంటుంది? నీలోఫర్ పేరుకు అది ఎందుకు లేదు? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: పేరుకు ముందు సుల్తాన్ అని చేరిస్తే ఏలుతున్న రాజు. రాజు కూతురికీ, షహజాదా కూతురికీ అదే మాట పేరు చివర వస్తుంది. షహజాదాల పేర్ల చివర ఎఫెందీ అని గౌరవవాచకం చేరేది. ఇస్తాంబుల్‌లో చదువుకున్న పెద్దమనుషులను కూడా ఎఫెందీ అనే పిలిచేవారు గనుక ఆ మాటను బట్టి రాజకుమారుడిని పోల్చుకోలేం. బిరుదు తండ్రి వైపు నుండే సంక్రమిస్తుంది. దుర్రుషెహ్వార్ తండ్రి ఖలీఫా అబ్దుల్ మజీద్ కాబట్టి ఆమె సుల్తాన్. నీలోఫర్‌కు రాచరక్తం వచ్చింది తల్లి ఆదిలె వైపు నుండి, తండ్రి రాజవంశీకుడు కాడు. అటువంటి ఆడపిల్లలను హనుమ్ సుల్తాన్ అనేవారు. వంశపు మర్యాదలలో అది ఒక మెట్టు తక్కువ. హైదరాబాదు వచ్చాక మన వాళ్ళు ఇద్దరినీ రాజకుమార్తెలుగానే చూసుకున్నారు.

ప్రశ్న: కిందటేడు మా అబ్బాయి మమ్మల్ని ఇస్తాంబుల్ తీసుకువెళ్ళాడు. పడవలో పోతుంటే చిరాగాన్ చూపించి, ఇప్పుడిది పెద్ద హోటల్ అన్నారు. ఆ కుటుంబం వాళ్ళు మళ్ళీ తమ దేశం చూడగలిగారా? – ఒక దంపతులు, విశాఖపట్నం

జవాబు: ఆడవారు ముందుగా చూడగలిగారు. 1952లో వచ్చిన చట్టం వారికి తలుపు తెరిచింది. మగవారు ఇంకా 22 ఏళ్ళు ఆగవలసి వచ్చింది. గణతంత్రం ఏర్పడి యాభై ఏళ్ళయిన సందర్భంగా 1974లో ప్రకటించిన క్షమాభిక్షతో వారి మీది నిషేధం తొలగింది. అప్పటికి వంశంలో చాలామంది షహజాదాలు పరాయి నేలలో సమాధులలో ఉన్నారు. అహ్మద్ నిహాద్ 1954లో బెయిరూట్‌లో మరణించాడు. 21 ఏళ్ళు చిరాగాన్ గోడల మధ్య గడిపి, బయట ఇస్తాంబుల్‌ను చూసింది ఇరవై ఏళ్ళు మాత్రమే; మిగిలిన ముప్పై ఏళ్ళూ ప్రవాసమే.

బహిష్కరణ నాటికి వియన్నాలో చదువుకుంటున్న 11 ఏళ్ళ ఎర్తుగ్రుల్ ఉస్మాన్ మాత్రం దీర్ఘాయుష్కుడయ్యాడు. ఆయన అబ్దుల్ హమీద్ మనవడు. న్యూయార్క్‌లో ఒక అద్దె ఫ్లాటులో దశాబ్దాలు ఉండి, ప్రభుత్వ ఆహ్వానం మీద 1992లో ఇస్తాంబుల్ వచ్చాడు. డోల్మాబాచె ప్రాసాదాన్ని చూపిస్తామంటే ప్రత్యేక మర్యాదలేవీ వద్దని, మామూలు సందర్శకుల గుంపులో కలిసి తిరిగాడు. 2009లో ఇస్తాంబుల్‌లోనే కన్నుమూశాడు. ఆయన అంతిమయాత్రకు వేలమంది వచ్చారు.

అలీ వాసిబ్ 1983 డిసెంబరు 9న అలెగ్జాండ్రియాలో మరణించాడు, అక్కడే ఖననం చేశారు. భార్య ముఖ్‌బిలె సుల్తాన్ మరో పన్నెండేళ్ళు బతికి 1995లో పోయింది. 2007లో కుటుంబం అలీ వాసిబ్ అవశేషాలను ఇస్తాంబుల్‌కు తీసుకువచ్చింది.

ఇక మీరు పడవలోంచి చూసిన భవనం. అలీ వాసిబ్ పుట్టిన గదులు అవి కావు. మురాద్ కుటుంబం వెళ్ళిపోయాక చిరాగాన్‌ను పార్లమెంటు సమావేశాలకు ఇచ్చారు. 1910 జనవరిలో అగ్నిప్రమాదంలో పైకప్పు, చెక్క అటకలు, లోపలి గదులన్నీ కాలిపోయి నాలుగు రాతి గోడలు మాత్రం మిగిలాయి. ఆ గోడలు అలాగే ఎనభై ఏళ్ళు నిలబడ్డాయి. పక్కనున్న ప్రాసాదపు తోటను చదును చేసి బెషిక్తాష్ జట్టు ఫుట్‌బాల్ మైదానంగా వాడుకుంది. 1974లో షహజాదాలు ఇంటికి రావచ్చని ప్రభుత్వం ప్రకటించిన రోజున, ముత్తాత కాపలా మధ్య పచార్లు చేసిన ఆ తోటలో పిల్లలు బంతి ఆడుకుంటున్నారు. తరువాతే దాన్ని హోటలుగా బాగుచేశారు.